పెదవుల సోఫా, లేని కుర్చీ

సర్రియలిజం అనగానే తెలుగు సాహిత్య విద్యార్థులకి కొన్ని పేర్లు వరసగా గుర్తొస్తాయి. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు, పఠాభి, ఆరుద్ర. క్లాసులో పాఠం 1924 నాటి ఆంద్రే బ్రెతాన్ మేనిఫెస్టోతో మొదలవుతుంది. కలలు, అచేతనం, ఫ్రాయిడ్ మీదుగా నడిచి మన కవుల దగ్గర ఆగిపోతుంది. ఈ పాఠంలో రెండు సంగతులు రావు. ఒకటి, ఆ ఉద్యమంలో పనిచేసిన స్త్రీలు. రెండోది, ఆ ఉద్యమం పుస్తకాల్లోంచి, ప్రదర్శనశాలల్లోంచి నడిచొచ్చి బట్టల షాపుల్లో స్థిరపడిందన్న విషయం. ఈ రెండు సంగతులకీ సంబంధం ఉందని, ఆ సంబంధం మధ్యలో ఒక కుర్చీ ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

షాపు గురించి సాహిత్య విమర్శకురాలికి ఏం పని అని అడగొచ్చు. స్త్రీవాద సాహిత్యం మనకి నేర్పిన మొదటి పాఠాల్లో గదుల్ని చదవడం ఒకటి. విమల ‘వంటిల్లు’ వచ్చాక వంటింటిని నాలుగు గోడలుగా మాత్రమే చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. పడగ్గదిని చదివాం, ప్రసూతి గదిని చదివాం. బట్టల షాపుని మాత్రం ‘వినిమయ సంస్కృతి’ అన్న ఒక్క మాటతో తోసేసి ముందుకెళ్లాం. ఆ మాట తప్పేమీ కాదు. కానీ ఆ గదిలో ఏ వస్తువు ఎక్కడుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికి ఎక్కడ కూర్చునే హక్కుంది అన్న ప్రశ్నలకి ఆ మాట జవాబు చెప్పదు.

గుంటూరులో ఈమధ్య తెరిచిన ఒక డిజైనర్ దుస్తుల షాపుని ఉదాహరణగా తీసుకుంటాను. లోపలికి వెళ్లగానే పైకప్పుకి తలకిందులుగా వేలాడే రంగురంగుల గొడుగులు. వాటి మధ్య పక్షి పంజరాలు, పంజరాల్లో పక్షులకి బదులు బల్బులు. తలలుండాల్సిన చోట పూలగుత్తులున్న బొమ్మలు ఐదారు. హాలు మధ్యలో ఎర్రటి పెదవుల ఆకారంలో ఒక పెద్ద సోఫా. గోడలన్నీ రాణి రంగు. కొనడానికి వచ్చిన ఆడపిల్లలు ముందు ఫోటోలు దిగి తర్వాత బట్టలు చూస్తారు. నాకూ సరదాగానే అనిపించింది. ఆ సరదాని తక్కువ చేయను. బట్టల్లో, రంగుల్లో స్త్రీలు వెతుక్కునే ఆనందాన్ని నేరంలా చూసే విమర్శ మీద నాకు నమ్మకం లేదు.

మా పెద్దమ్మ కూతురు ఆ షాపులో సేల్స్‌లో పనిచేస్తుంది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటుంది. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. “కాసేపు ఆ సోఫాలో కూర్చుంటే ఏమవుద్ది అక్కా?” అని అడిగాను. “సోఫా కస్టమర్లకే. మాకు కుర్చీ అనేదే లేదు. కూర్చుంటే కెమెరాలో కనపడుద్ది. ‘బొమ్మలు పొద్దున్నించీ నుంచునే ఉన్నాయి, వాటికి లేని నొప్పులు మీకేంటమ్మా’ అంటాడు మా సూపర్‌వైజర్” అంది. నవ్వుతూనే అంది. బొమ్మకీ మనిషికీ మధ్య తేడా చెరిపేయడం సర్రియలిస్టులకి చాలా ఇష్టమైన పని. వాళ్ల గురించి నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత సూటిగా చెప్పింది ఏదీ లేదు.

ఆ షాపు అలంకరణ చేసిన డిజైనర్ ఈ వస్తువుల్ని ఏ ఫోటోల్లో చూసి తెచ్చుకున్నారో గానీ, ఒక్కోదానికీ వంశవృక్షం ఉంది. పెదవుల సోఫా సాల్వదోర్ దాలీది. 1934-35లో ఆయన హాలీవుడ్ నటి మే వెస్ట్ ముఖాన్ని ఒక గదిగా చిత్రించాడు. జుట్టు తలుపు తెరలు, కళ్లు గోడకి తగిలించిన పటాలు, ముక్కు చలిమంట గూడు, పెదవులు సోఫా. ఆ బొమ్మలోని పెదవుల్ని ఎడ్వర్డ్ జేమ్స్ అనే ఇంగ్లీషు ధనవంతుడు 1938లో నిజంగానే సోఫాలుగా చేయించుకున్నాడు. ఆడమనిషి ముఖాన్ని గదిగా మార్చడం మనకి కొత్తేమీ కాదు. ‘ఇంటికి దీపం ఇల్లాలు’ అని మనం ఎప్పుడో అనుకున్నాం. దీపం, గడప, గృహలక్ష్మి అంటూ మన సామెతలు స్త్రీని ఇంటి సామానులో కలిపేసినంత సులువుగా దాలీ కూడా కలిపేశాడు. తేడా ఒక్కటే. సామెతలో స్త్రీ వెలగాలి, దాలీ గదిలో ఆమె మీద ఎవరైనా కూర్చోవచ్చు. మాట్లాడాల్సిన నోరు ఆసనమైపోయింది.

పంజరాల సంగతి చూద్దాం. 1935లో ఎల్సా స్కియాపరెల్లి ప్యారిస్‌లో ప్లాస్ వాందోమ్ 21వ నంబరు భవనంలో తన దుస్తుల షాపు తెరిచింది. సర్రియలిజం షాపు లోపలి అలంకరణగా మారిన చరిత్రలో ముందుగా చెప్పుకోవాల్సిన చోటు ఇదే. అక్కడ అత్తర్లు అమ్మే భాగాన్ని జాన్-మిషెల్ ఫ్రాంక్ ఒక పెద్ద బంగారు రంగు పంజరంలా తయారుచేశాడు. కొనేవాళ్లు ఆ పంజరంలోకి నడిచి వెళ్లాలి. దాలీ అక్కడికి ఒక ఎలుగుబంటిని ఇచ్చాడు. గడ్డి కూరిన నిజమైన ఎలుగుబంటి. దానికి గులాబీ రంగు వేసి, పొట్టలో సొరుగులు పెట్టాడు. ఆ గులాబీ రంగుకి స్కియాపరెల్లి ‘షాకింగ్’ అని పేరు పెట్టింది. మనవైపు బట్టల కొట్లో దాన్నే రాణి రంగు అంటారు. ప్యారిస్‌లో మర్యాదస్తుల్ని ఉలిక్కిపడేలా చేసిన రంగు మన పెళ్లిళ్లలో పెద్దముత్తయిదువల చీరల రంగు. ఏది వింత, ఏది మామూలు అనేది చూసేవాళ్ల ఊరిని బట్టి ఉంటుందని ఈ ఒక్క రంగు చెప్తుంది.

మూడేళ్ల తర్వాత పంజరం మరో చోట కనిపించింది. 1938 జనవరిలో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సర్రియలిస్టు ప్రదర్శనలో లోపలికి వెళ్లే దారి పొడవునా బట్టల షాపుల్లో నిలబెట్టే బొమ్మలు 16 పెట్టారు. ఒక్కో కళాకారుడూ ఒక్కో బొమ్మని అలంకరించాడు. అలంకరించిన వాళ్లలో సోనియా మోసె అనే స్త్రీ కూడా ఉంది. యూదురాలైన ఆమెని ఐదేళ్ల తర్వాత నాజీలు సోబిబోర్ శిబిరంలో చంపేశారు. ఆ ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నది ఆంద్రే మాసోన్ బొమ్మని. దాని తల పక్షి పంజరంలో ఉంటుంది. నోటికి పచ్చటి గుడ్డ కట్టి, నోరుండే చోట ఒక పాన్సీ పువ్వు పెట్టాడు. ఫ్రెంచిలో ఆ పువ్వుకీ ఆలోచనకీ ఒకటే మాట. కాబట్టి ఆ బొమ్మని స్త్రీ నోరు మూయించిన పితృస్వామ్యం మీద వ్యంగ్యంగానూ చదవొచ్చు, నోరు మూయించిన స్త్రీని చూసి ముచ్చటపడటంగానూ చదవొచ్చు. బొమ్మ ఒంటి మీద దాదాపు బట్టలే లేవన్నది, చూసి మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లేనన్నది గుర్తుపెట్టుకుంటే నాకు రెండో చదువే దగ్గరగా అనిపిస్తుంది.

1939 మార్చిలో ఈ అలంకరణ అమెరికా చేరింది. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలోని బాన్విట్ టెల్లర్ అనే పెద్ద బట్టల షాపు తన అద్దాల కిటికీల్ని అలంకరించమని దాలీని పిలిచింది. ఆయన బొచ్చు పరిచిన స్నానపు తొట్టి పెట్టి, పాతబడిన మైనపు బొమ్మల్ని నిలబెట్టాడు. జనం నుంచి ఫిర్యాదులొచ్చాయని షాపువాళ్లు ఆ బొమ్మల్ని తీసేసి తమ మామూలు బొమ్మల్ని పెట్టారు. దాలీ కోపంతో కిటికీలోకి వెళ్లి తొట్టిని తోశాడు. అది అద్దం పగలగొట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. పోలీసులు పట్టుకెళ్లారు, కోర్టు తేలిగ్గానే వదిలేసింది. కళాకారుడి స్వేచ్ఛకి ఉదాహరణగా ఈ కథని చాలా పుస్తకాల్లో చెప్తారు. ఆ పగిలిన గాజుముక్కల్ని ఎవరు ఊడ్చారో ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. అదే ఏడాది న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో దాలీ కట్టిన మంటపంలో బొమ్మలతో పాటు నిజమైన అమ్మాయిల్ని కూడా నీళ్ల తొట్లలో ఈదించారు. టికెట్టు కొన్నవాళ్లు చూసి వెళ్లారు. బొమ్మ స్థానంలోకి మనిషి రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఇంతవరకు చెప్పిన చరిత్రలో కొనే స్త్రీ ఉంది, బొమ్మగా స్త్రీ ఉంది, స్త్రీ దేహంతో చేసిన సామాను ఉంది. అమ్మే స్త్రీ లేదు. ఆమె అప్పుడు ఎక్కడుంది?

ఆమె చరిత్ర వేరే కాగితాల్లో ఉంది. 1900 డిసెంబరులో ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. షాపులో ఎంతమంది స్త్రీలు పనిచేస్తుంటే అన్ని కుర్చీలుండాలని అందులో రాసుకున్నారు. దాన్ని జనం ‘కుర్చీల చట్టం’ అనే పిలిచారు. బ్రిటన్ 1899లోనే షాపు పనివారాళ్ల కుర్చీల కోసం చట్టం చేసింది. అంటే స్కియాపరెల్లి షాపు తెరవడానికి 35 ఏళ్ల ముందే, షాపులో నిలబడి నిలబడి ఆడవాళ్ల కాళ్లు, నడుములు, గర్భసంచులు పాడవుతున్నాయన్న చర్చ జరిగిపోయింది. 1936 జూన్‌లో ప్యారిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పనివాళ్లు సమ్మె చేసి షాపుల్లోనే బైఠాయించారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు. రోజంతా నిలబడేవాళ్లు తమ షాపులోనే కూర్చుని చేసిన సమ్మె అది. ఆ నెలలో కుదిరిన ఒప్పందం, దాని వెంటనే వచ్చిన చట్టాలు కలిసి వారానికి 40 గంటల పని, ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు తెచ్చాయి. అదే 1936లో కళాచరిత్ర రాసుకున్నది దాలీ సొరుగుల్ని.

అయితే 1936కి సంబంధించి ఇంకో వస్తువు ఉంది. అది స్త్రీ చేసినది. మెరెట్ ఒపెన్‌హైమ్ వయసు అప్పుడు 22-23 ఏళ్లు. డబ్బుల కోసం స్కియాపరెల్లికి నగల డిజైన్లు ఇస్తుండేది. బొచ్చు అతికించిన ఒక గాజు అలా తయారైంది. ఆ గాజు మీద కాఫీ హోటల్లో పికాసో, డోరా మార్‌లతో నడిచిన కబుర్లలోంచి ఆమెకి కప్పుకి బొచ్చు తొడగాలన్న ఆలోచన వచ్చింది. మామూలు షాపులో కప్పు, సాసరు, చెంచా కొని వాటికి జింక బొచ్చు అతికించింది. ప్రపంచమంతా తెలిసిన ఆ వస్తువుని లైంగిక ప్రతీకగా విశ్లేషించిన వ్యాసాలు చాలా ఉన్నాయి. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. అందులో టీ పోయలేం, ఎవరికీ అందించలేం. సేవ చేయనని మొండికేసిన కప్పు అది. ఒపెన్‌హైమ్ అదే ఏడు ఇంకో పని చేసింది. తెల్లటి హైహీల్స్ జతని కోడిని కట్టినట్టు తాళ్లతో కట్టి, వెండి పళ్లెంలో వెల్లకిలా పెట్టింది. నిలబడటానికి పనికొచ్చే చెప్పులు కూడా ఆమె చేతిలో పనికిరాకుండా పోయాయి. షాపులో నిలబడి పనిచేసే ఏ అమ్మాయికైనా ఈ వస్తువు వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

లెయోనార్ ఫీనీ 1937లో స్కియాపరెల్లి ‘షాకింగ్’ అత్తరుకి సీసా డిజైన్ చేసింది. అదీ మే వెస్ట్ ఆకారమే. ఇది కూడా స్త్రీ దేహాన్ని వస్తువు చేయడమే కదా అంటే, అవును, కాదనలేం. కానీ ఫీనీ తీసుకున్నది నటి ముఖాన్ని కాదు, దర్జీలు కొలతల కోసం వాడే నిలువు బొమ్మని. ఆ సీసా మెడ చుట్టూ కొలత టేపు ఉంటుంది. ఈ దేహాన్ని ఎవరో కొలిచారు, ఎవరో కత్తిరించారు, ఎవరో కుట్టారు అని టేపు గుర్తుచేస్తుంది. దాలీ సోఫాలో అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. నాకు స్త్రీ సర్రియలిస్టులకీ పురుష సర్రియలిస్టులకీ మధ్య ముఖ్యమైన భేదం ఇక్కడ కనపడుతుంది. స్త్రీలందరూ ఇలా చేశారని అనను. స్కియాపరెల్లి షాపులో కూడా యజమాని స్త్రీ, కుట్టేవాళ్లు స్త్రీలు, వాళ్ల మధ్య దూరం దూరమే. కానీ వింత వెనకాల పని కనపడే అవకాశం ఉందని మనకి చూపించింది ఈ స్త్రీలే.

మన నేల మీదికి వద్దాం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దారం పుట్టుక నుంచి చీర అమ్మకం దాకా అన్నీ ఉన్నాయి. నల్లరేగడి చేలల్లో పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పట్టా మగవాడి పేరున ఉంది కాబట్టి ‘రైతు’ అతనే. అప్పు మాత్రం తర్వాత ఆమె తీర్చాలి. చీరాలలో, మంగళగిరిలో మగ్గం మీద కూర్చునేవాణ్ని నేతగాడు అంటాం. కండెలు చుట్టి ఇచ్చే ఆమెకి పేరు పెట్టలేదు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన చీరాల బట్టల వ్యాపారానికి చిన్న బొంబాయి అని పేరు తెచ్చుకుంది. ఆ పేరు కూడా వ్యాపారానిదే.

గుంటూరు మిర్చియార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయ తొడిమలు తీసేది ఆడవాళ్లు. కొంగు ముక్కుకి కట్టుకుని, దగ్గుతూ, కాయల మధ్య నేల మీద రోజంతా కూర్చుంటారు. రాత్రి చేతుల మంటకి నిద్ర పట్టదు. వాళ్లకి లేవడానికి లేదు. నాలుగు కిలోమీటర్ల అవతల ఏసీ షాపులో వాళ్ల కూతుళ్లకి కూర్చోవడానికి లేదు. తల్లి కూర్చున్నదీ కుర్చీ మీద కాదు. ఈ రెండు భంగిమలూ ఒకే కుటుంబంలో, ఒకే రోజు, ఒకే ఊళ్లో ఉన్నాయి. సంబంధం లేదనుకున్న రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి నిప్పు పుట్టించడమే సర్రియలిజం అయితే, మనం పక్కపక్కన పెట్టాల్సినవి ఇవి. షాపు లోపలి అలంకరణ చేసే అసలు పని ఈ రెండూ పక్కపక్కన రాకుండా చూడటం. గొడుగులు, పంజరాలు, పూల తలలు వింతగొలుపుతుంటే దగ్గరున్న వింత కళ్లబడదు.

1938 ప్రదర్శనలో మార్సెల్ దుషాన్ పైకప్పు నిండా 1200 బొగ్గు బస్తాలు వేలాడదీశాడు. బస్తాల్లో బొగ్గు లేదు, కాగితాలు కూరారు. అయినా మసి రాలుతూనే ఉండేదట. ఖరీదైన ఫ్యాషన్ షాపుల వీధిలో, మంచి బట్టలు వేసుకొచ్చినవాళ్ల నెత్తిన మసి. ఆ ప్రదర్శన మొత్తంలో నాకు నచ్చిన ఆలోచన అదొక్కటే. గుంటూరు షాపులో గొడుగులు తీసేసి మిర్చి టిక్కీలు వేలాడదీస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పెదవుల సోఫా మీద కూర్చున్నవాళ్లకి కూడా దగ్గు వస్తుంది.

ఈ అధివాస్తవికతని మనం ఫ్రాన్సు నుంచే తెచ్చుకోవాల్సిన పని లేదు. ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మన పిల్లలందరికీ తెలుసు. గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టిన పి.సత్యవతి ఆ ఈగని గృహిణిని చేసి ‘ఇల్లలకగానే’ రాశారు. ఇల్లు అద్దంలా మెరుస్తుంటే ఇల్లాలి పేరు మాయమవుతుంది. ఒపెన్‌హైమ్ కప్పు పక్కన పెట్టదగిన కథ అది. పని చేసేకొద్దీ పని చేసే మనిషి కనపడకుండా పోవడం అనే వింతని సత్యవతి గారు మామూలు మాటల్లో చెప్పారు. మన సర్రియలిజం పాఠంలో ఈ కథకి చోటు ఎందుకు లేదన్న ప్రశ్న విశ్వవిద్యాలయాల్లో చెప్తున్న మనమే వేసుకోవాలి. ఇంటి గదికి ఆమె చేసిన పనిని షాపు గదికి చేసే కథ ఇంకా రావాలి.

కథ రాకముందే ఉద్యమం వచ్చింది. కోళికోడ్‌లో విజి అనే దర్జీ మరికొందరు స్త్రీలతో కలిసి ‘పెణ్‌కూట్టు’ మొదలుపెట్టింది. వాళ్లడిగినవి రెండే, మరుగుదొడ్డి, కుర్చీ. ఏళ్ల తరబడి పోరాడాక కేరళ 2018లో షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్లకి కూర్చునే హక్కునిచ్చింది. తమిళనాడు 2021లో అదే చేసింది. ఫ్రాన్సు చట్టానికీ కేరళ చట్టానికీ మధ్య 118 ఏళ్లు. ఈ మధ్యకాలంలో పెదవుల సోఫా మాత్రం ప్యారిస్ నుంచి గుంటూరు దాకా ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. డిజైన్ ప్రయాణించినంత వేగంగా హక్కు ప్రయాణించదు.

షాపు మధ్యలో ఆ సోఫా పక్కన ఒక మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేసి, అందులో పనివేళలో ఒక సేల్స్ అమ్మాయి కూర్చుంటే, అక్కడున్న గొడుగులన్నిటికన్నా, పంజరాలన్నిటికన్నా అదే వింతగా కనపడుతుంది. వచ్చినవాళ్లు ఆగి చూస్తారు. సూపర్‌వైజర్‌కి ఏం చేయాలో తోచదు. అంత చిన్న వస్తువు ఇంకా అంత వింతగా ఉన్నంతకాలం స్త్రీవాద విమర్శకి ఆ షాపులో పని ఉంది. రచయిత్రులు, అధ్యాపకులు అయిన మనం ఏడాదికి ఎన్నోసార్లు ఆ గదుల్లోకి వెళ్తాం. ఈసారి చీర విప్పి చూపిస్తున్న అమ్మాయిని ‘నీకు కుర్చీ ఉందా తల్లీ?’ అని అడుగుదాం. ఆమె చెప్పిన జవాబుని రాద్దాం.